పద్దెనిమిది గళ్ల ముఖం

ఒంటిగంట బస్సుకు వదిన వస్తుంది. వచ్చి, చెప్పులు గడప బయటే విడిచి, అద్దం తలుపు మోచేత్తో తోసి, ఆ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో సగం మీదే కూర్చుని ఒకే ఒక్క మాట అడుగుతుంది, మీయన్నేనా కాదా అని. దానికి శివలీల ఒక్క మాటే చెప్పాలి. ఔనంటే రేపటి కర్మ ఆగిపోతుంది. కాదంటే రేపు అమావాస్య పూట వంక ఒడ్డున దర్భలతో మనిషిని అల్లి, తలవైపు ఫోటో పెట్టి దండేసి, ఆ దర్భల మనిషికి నిప్పు పెట్టి, వదిన గాజులు పగలగొడతారు. మనిషి కనపడకుండా పోయి పన్నెండేళ్లు నిండితే అట్లే చేయాలని అయ్యవారు పంచాంగం మూసి మరీ చెప్పాడు. పన్నెండేళ్లు మొన్నటి ఆషాఢంతో నిండాయి. గోడ గడియారంలో ఇప్పుడు పన్నెండుంబావు. ఔను అనే మాటకూ కాదు అనే మాటకూ మధ్య మిగిలింది ఈ ముప్పావుగంట, ఈ కంప్యూటరు, అందులో చిటికెన వేలి గోరంత కూడా లేని ఒక ముఖం.

బయట పత్తికొండ మార్కెట్లో పొద్దుటి వేలంపాటలు ముగిసి చాలాసేపయింది. చితికిన టమోటాల పులుపు వాసన మాత్రం వీధిలోనే ఉండిపోయింది. శ్రావణమని పేరేగానీ చినుకు లేదు, మబ్బు వస్తోంది పోతోంది, వచ్చినప్పుడల్లా వీధి నల్లబడి మళ్లీ తెల్లబడుతోంది, ఎవరో స్విచ్చితో ఆడుకుంటున్నట్టు. నీడలు మనుషుల కాళ్ల కిందికి దూరి దాక్కునే ఈ వేళ బయట తిరగొద్దని అమ్మ చెప్పేది, చీకటి గాలి కంటే మిట్టమధ్యాహ్నపు గాలి చెడ్డదని, చీకట్లో వచ్చేది కనీసం దాక్కుని వస్తుంది, దీనికి ఆ సిగ్గు కూడా లేదని. అమ్మ పోయి రెండేళ్లు. మంచంలో ఉన్న ఆ చివరి దినాల్లో గోడ మీది అన్న ఫోటో వైపే చూస్తూ, వాడు నన్నే చూస్తాండాడే లీలా, యా పక్క తిరిగినా చూస్తాండాడే, అనేది. చూస్తాడు, చూడకుండా ఎట్లుంటాడు, ఆ కళ్లు పెట్టింది తనే కదా.

ఈ ఫోటో పంపింది కంబన్న. మార్కెట్లో లోడు ఎత్తే మనిషి, ఒకప్పుడు అన్నతో జతగా లారీలకు టమోటా బాక్సులు ఎత్తినవాడు. మొన్న సోమవారం ఉరుకుంద ఈరన్న జాతరకు పోయి, అంత జనంలో, అంత దుమ్ములో, దూరాన ఒక మనిషిని చూసి, పిలిచేలోపల పోతాడేమోనని ముందు ఫోను ఎత్తి ఫోటో తీశాడట. తీసి, అప్పుడు పిలిచాడట. పిలిచేసరికి ఆ చోట వేరే మనుషులున్నారట. "గోపన్న మాదిరే ఉండాడు లీలమ్మా, ఆయప్పే అని మాత్రం నేను చెప్పలేను, నా కండ్లకు ఎండ కొడ్తాండె," అని చేతులు దులుపుకున్నాడు. అతని ఫోను నుంచి కోడలి ఫోనుకు, కోడలి ఫోను నుంచి వదినకు, వదిన నుంచి తనకు దొర్లి దొర్లి వచ్చేసరికి ఆ ఫోటో వంకలో గులకరాయిలా అరిగిపోయింది. ముఖం అడ్డంగా పద్దెనిమిది చుక్కలు, నిలువునా ఇరవైనాలుగు. పన్నెండేళ్లకు దొరికిన అన్న, అన్నే అయితే, మొత్తం కలిపి నాలుగువందల ముప్పైరెండు చుక్కలు.

గోరంత ముఖాల్ని గోడంత చేయడం ఆమెకు కొత్త కాదు, ఈ దుకాణం నడుస్తున్నదే దాని మీద. పెళ్లిళ్ల కెమెరా పని మొగుడు వీరభద్రది, ఇవాళ కూడా నందికొట్కూరులో ఎవరిదో పెళ్లికి పోయాడు. చచ్చినవాళ్ల పని ఈమెది. ఈ పక్క పల్లెల్లో పెద్దవయసు వాళ్లు బతికుండగా పెద్ద ఫోటో తీయించుకోరు, తీయించుకుంటే గోడ మీద మేకు కొట్టి పిలిచినట్టేనని భయం. కార్డుల కోసం తీసే స్టాంపంత ఫోటో ఒక్కటే మనిషికి మిగులుతుంది. మనిషి పోయిన మూడోనాడో ఐదోనాడో కొడుకో అల్లుడో ఆ కార్డు చేత్తో పట్టుకుని వస్తాడు, దండేసేంత పెద్దది చేసియ్యమ్మా అని. దానికోసమే ఆమె దగ్గర సొంత ప్రోగ్రాము ఉంది. కర్నూలు కాలేజీలో చివరి ఏడాది ప్రాజెక్టుకని రాసింది, కిటికీలు, మీటలు, బొమ్మ గీసే కుంచెలు అన్నీ ముందే చేసిపెట్టిన ఒక టూల్‌కిట్ తీసుకుని దాని మీద కట్టుకుంది. బొమ్మను పెద్దది చేస్తే చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ పడుతుంది, ఆ ఖాళీలో ఏం పెట్టాలన్నదే అసలు పని. దగ్గరున్న చుక్క రంగునే తెచ్చి పరిచేయడం ఒక దారి, అప్పుడు బొమ్మ గళ్లు గళ్లుగా, గచ్చు మీద బండలు పరిచినట్టు కనపడుతుంది, అందం ఉండదు, కల్పన కూడా ఉండదు. చుట్టూ ఉన్న నాలుగు చుక్కల్నీ అడిగి నడిమధ్య రంగు ఒకటి పెట్టడం రెండో దారి, దాన్ని స్మూత్ చేయడం అంటారు, పంచాయితీలో పెద్దమనిషి నలుగురి మాటా విని నలుగురిలో ఎవరూ అనని మాటను తీర్పుగా చెప్పినట్టు. ఆమె పెట్టింది రెండోది. కోడులో ఒక వరుస, ఆ వరుసలో ఒక మాట. ఆ మాట టైపు చేసిన నెలలోనే, ఆ ఆషాఢంలోనే, అన్న టమోటా లోడుతో మద్రాసు లారీ ఎక్కాడు. నాలుగోనాడు లారీ తిరిగొచ్చింది, ఖాళీ బాక్సుల మీద మడత పెట్టిన అన్న తువ్వాలు వచ్చింది, అన్న రాలేదు. బస్టాండుల్లో అంటించడానికని ఆమె ప్రోగ్రాము మొట్టమొదట పెద్దది చేసిన ముఖం అతనిదే, రేషన్ కార్డు జిరాక్సులోది.

నునుపు చేస్తే ముఖం వస్తుంది, కళ్లు రావు. మీగడ కింద మునిగిన వాటిలా ఉంటాయి, ఉన్నాయని తెలుస్తుంది, చూడవు. అన్న ఫోటోకు అట్లా వచ్చినప్పుడు వదిన ఏమీ అనలేదుగానీ అమ్మ ఏడ్చింది, నా కొడుకు గుడ్డోడైనట్టుండాడే అని. అప్పుడు మౌసు పట్టుకుని, తనకు తెలిసిన అన్న కళ్లను తలుచుకుంటూ చుక్క చుక్కగా పెట్టింది. బాగా వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన ప్రతి పీనుగ ఫోటోకూ అదే అడిగారు, కండ్లు కనపడ్లేదు కదమ్మా, కండ్లు పెట్టు. పెట్టింది. చెయ్యికి అలవాటైపోయింది, పప్పులోకి పోపు పెట్టినంత అలవాటు. దేవుడి విగ్రహానికి కళ్లు తెరిచే శిల్పి నేరుగా చూడకూడదని అద్దం అడ్డం పెట్టుకుంటాడని ఎవరో చెప్తే నవ్వింది, మాకు అద్దాలెందుకప్పా, మా దేవుళ్లందరూ చచ్చినోళ్లే అని.

నవ్వకుండా ఉండాల్సింది. మూడుసార్లు, సరిగ్గా మూడుసార్లు, ఇదే కుర్చీలో కూర్చుని వదినకు ఔను అని చెప్పింది. ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి దులుపుతున్న ఒక మనిషి, ఎవరో తీసి పంపిన ఫోటో, పెద్దది చేసింది, నునుపు చేసింది, కళ్లు పెట్టింది, చూస్తే అన్నే. వదిన పోయింది, రెండు దినాలు మిల్లు గేటు దగ్గర నిలబడింది, ఆ మనిషి బయటికి వచ్చి, ఏమ్మా, ఎవురు కావాల, అన్నాడు, గొంతు కూడా వేరేది. బళ్లారి బస్టాండులో బెంచీ మీద పడుకున్న మనిషి, మళ్లీ అట్లే. కడప దర్గా దగ్గర అన్నం వరసలో కూర్చున్న మనిషి, వదిన పుట్టిల్లు కమలాపురం పక్కనే కదా, వాళ్ల అన్నదమ్ములు కూడా వచ్చారు, వచ్చి, ఆ మనిషిని చూసి, చెల్లెల్ని చూసి, తల దించుకుని బువ్వ కూడా తినకుండా పోయారు. ప్రతిసారీ వదిన తిరిగొచ్చి ఒక్క మాట అనలేదు. ఫోటోలో శానా బాగా కలిసినాడు లీలా, అని మాత్రం అంది. కడప నుంచి వచ్చినప్పుడు కూడా అదే మాట, అదే గొంతు, గ్లాసులో నీళ్లు తాగుతూ. పెళ్లయిన రెండేళ్లకు పోయాడు, ఒక బిడ్డ కూడా లేదు, ఇరవైనాలుగేళ్ల మనిషి ముప్పైఆరేళ్ల మనిషయింది ఆ ఇంట్లో, ఆ ఫోటో కింద. ఎవరు కూర్చోబెట్టారు ఆమెను అన్నేళ్లు అని తన్ను తానే అడుక్కుని, శివలీల మౌసు మీదున్న తన కుడిచేతి వైపు చూసుకుంది, వెంటనే చూపు తిప్పేసుకుంది.

పన్నెండున్నర. అందుకే ఇవాళ ఆ వరుస తెరిచింది. పన్నెండేళ్ల కిందటి తన రాత, అప్పటి ఉత్సాహం, పక్కనే అప్పుడు రాసుకున్న మాట, ఇలా ఉంటే అందంగా వస్తుంది అని. స్మూత్ అవసరం లేదు అని మార్చి, ప్రోగ్రాము మళ్లీ నడిపి, ఉరుకుంద ముఖాన్ని పెద్దది చేసింది. గళ్లు వచ్చాయి. కానీ అంచులు ఇంకా కరుగుతూనే ఉన్నాయి, గడికీ గడికీ మధ్య సన్నగా ఎవరో వేలితో రుద్దినట్టు. ఆమె తీసేసింది కదా, మరి ఇంకా రుద్దుతున్నది ఎవరు? వెనక్కి తిరిగి చూసింది కూడా, గోడకు తగిలించిన ఏడు ఫ్రేములు తప్ప ఎవరూ లేరు, దండలు పడక ముందటి ఏడుగురు, రేపో ఎల్లుండో ఇళ్లకు పోవాల్సినవాళ్లు. ఆ తర్వాత తట్టింది, అక్షరాలు చిన్నగా ఉన్నాయని మొగుడు స్క్రీను మొత్తాన్ని పావువంతు పెద్దది చేసిపెట్టాడు, ప్రోగ్రాము వదిలేసిన నునుపును స్క్రీను మళ్లీ చేస్తోంది. అదీ తీసింది. ఇప్పుడు అంచులు కత్తితో కోసినట్టున్నాయి. ముఖం స్క్రీను నిండేలా పదిహేడున్నర రెట్లు చేసింది. ముఖం ఆమెకు కన్ను గీటింది.

కుర్చీ వెనక్కి జరిగింది, ఆమె జరిపింది కాదు అన్నట్టు. ఎడమ కన్ను చోట ఉన్న నల్లగడి సన్నగా, కుడి కన్ను చోట ఉన్నది లావుగా, ఒక పక్క నవ్వుతూ ఒక పక్క మూసుకున్నట్టు, అన్న చేసేవాడు అట్లా, అమ్మ తిట్టేటప్పుడు అమ్మ వెనక నుంచి చెల్లెలికి కన్ను గీటేవాడు. అంతలో లెక్క గుర్తొచ్చింది. చుక్కను సగం చేయలేరు. పదిహేడున్నర అంటే ఒక గడి పదిహేడు చుక్కల వెడల్పు, పక్క గడి పద్దెనిమిది, ఎక్కడ ఎక్కువ పడితే అక్కడ లావు. గళ్లు గళ్లుగా కావాలంటే రెట్లు సగాలు లేకుండా నిండుగా ఉండాలి. పదహారు పెట్టింది. ముఖం కన్ను గీటడం మానేసి నిటారుగా చూసింది. కాదు, చూడలేదు. చూడటానికి అక్కడ ఏముంది, రెండు నల్లగళ్లు, ఒకటి కాస్త ఎక్కువ నలుపు, ఒకటి తక్కువ నలుపు. దగ్గర నుంచి బండలు, వెనక్కి వంగి కళ్లు చికిలిస్తే మనిషి, మళ్లీ దగ్గరికి వస్తే బండలు. ముక్కు లేదు, ముక్కు ఉండాల్సిన చోట కొంచెం వెలుతురు ఉంది. నోరు మూడు గళ్లు. ఈ మూడు గళ్లతోనే కదా నునుపు చేసినప్పుడు నవ్వు వచ్చింది, నిన్న సాయంత్రం చూసిన నవ్వు, అన్న నవ్వే అనుకున్న నవ్వు. ఆ నవ్వు ఎక్కడిది మరి, ఫోటోలో లేని నవ్వు ఏ దారిన వచ్చింది?

అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టరు ఫ్యానుకు మాత్రమే, కంప్యూటరుకు లేదు, స్క్రీను ఒక్కసారిగా నల్లబడింది, మబ్బు తొలగి వీధి తెల్లబడిన వేళకే. ఆ నల్లటి అద్దంలో వెనక గోడ మొత్తం కనపడింది, ఏడు ఫ్రేములూ వరుసగా, వాటి ముందు ఎనిమిదోది, ఫ్రేము లేనిది, తన ముఖం. ఎనిమిది జతల కళ్లు ఒకేలా ఇటు చూస్తున్నాయి. లోపలి మూల కొంచెం కిందికి, పై రెప్ప బరువుగా, ఎడమది ఒక పిసరు చిన్నది. ఎడమది చిన్నగా ఉండేది అన్నకు కాదు. అది తనది. తట్టుపోసినప్పుడు వచ్చింది, అమ్మ పసుపు నీళ్లతో తుడిచి తుడిచి, పోనీలే, కన్ను దక్కింది, అనేది. ఆమె మెడ తిప్పి ఫ్రేముల్ని నేరుగా చూసింది. ఒక్కొక్కరి ఎడమ కన్నూ ఒక పిసరు చిన్నది. ముసలాయనకూ, బాలింతగా పోయిన పిల్లకూ, అందరికీ. ఓబులమ్మ మొన్న మొగుడి ఫోటో తీసుకోవడానికి వచ్చి గోడ వైపు చూస్తూ అన్న మాట ఇప్పుడు అర్థమయింది. "వీళ్లంతా మీ ఇంటోళ్లా తల్లీ? ఒక్క కడుపున పుట్టినట్టుండారు," అంది, ఆ తర్వాత మొగుడి ఫోటో చేతిలోకి తీసుకుని చూసి, "మాయప్ప గూడా మీ చుట్టమాయె పోయి," అని నవ్వింది. అన్న కళ్లు పెడుతున్నాననుకుంది ఇన్నేళ్లూ, పనిచేసేటప్పుడు ఈ స్క్రీనులో సన్నగా మెదిలే తన నీడను చూస్తూ తన కళ్లే పెట్టింది. దేవనకొండ దారిలో, ఆస్పరి దారిలో, ఎన్ని పల్లెల్లో ఎన్ని గోడల మీద, దండల వెనక నుంచి తనే చూస్తోంది, ఎవరెవరి పిల్లలు అన్నం తినడాన్నో, ఎవరెవరి కోడళ్లు ఏడవడాన్నో. మంచంలో అమ్మను చూసింది కూడా తనే. పన్నెండేళ్లు ఆ ఇంట్లో ఒంటరిగా బట్టలు మార్చుకున్న, ఒంటరిగా జుట్టు దువ్వుకున్న వదినను చూసింది కూడా.

కరెంటు వచ్చింది. ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. కంప్యూటరు లేచేలోపల ఫ్యాను గాలికి క్యాలెండరు కాగితాలు కొట్టుకుంటున్నాయి. ఫోటో మళ్లీ తెరిచింది, ఈసారి ముఖం వరకే కోయకుండా మొత్తం. ప్రతిసారీ ముఖం వరకే కోసేది, దండ పడేది అక్కడికే కదా. ఇప్పుడు భుజాలు చూడాలనిపించింది. చూసింది. కుడి భుజం ఎడమ దానికంటే రెండు గళ్లు కిందికి దిగి ఉంది. ఆరేళ్లు ఒకే భుజం మీద బాక్సులు మోసినవాడికి ఎముక అట్లా కుంగుతుంది. కంబన్నకూ ఉంది, మార్కెట్లో పదిమందికి ఉంది, అన్నకూ ఉండేది. ఆమె నునుపు చేసినప్పుడల్లా ఆ రెండు గళ్లు వెనకున్న దుమ్ము రంగులో కలిసి భుజాలు సమానమయ్యేవి, దేవుడి పటంలోలాగా. ఆ కుడిచేతి వెంట కిందికి పోయింది, గడి తర్వాత గడి, మెట్లు దిగినట్టు. చెయ్యి అయిపోయిన చోట పసుపు గళ్లు మొదలయ్యాయి. నిన్న, ముఖం కోయక ముందు, అవి లేవు. నిన్న అక్కడ జాతర మట్టి, బండారు పసుపు, ఎండ అన్నీ కలిసిన ఒక మసక ఉంది. నలుగుర్నీ అడిగి నడిమధ్య రంగు వేస్తే మసకే వస్తుంది. ఇప్పుడు ఎవర్నీ అడగకుండా చూస్తే ఇరవైఐదు గళ్ల వెడల్పు, నలభై గళ్ల ఎత్తు, కింద వెడల్పుగా పైన సన్నగా, నిండు పసుపు. పైన నల్లగళ్ల గుంపు ఒకటి, దానికి రెండు పక్కలా ఎర్రగళ్లు నాలుగు, ఎర్రగళ్లు నాలుగు, రిబ్బన్లు. గౌను. నాలుగేళ్లో ఐదేళ్లో ఉంటాయి. అన్న చెయ్యి ఎక్కడ ముగిసిందో, ఆ పసుపు చెయ్యి ఎక్కడ మొదలైందో, ఆ మధ్యలో ఒకే ఒక్క గోధుమరంగు గడి. అది ఎవరి చెయ్యి అని అడిగితే కంప్యూటరు చెప్పదు. ఇద్దరిదీ.

చేతి వేలు మీట మీదే ఉంది. మళ్లీ స్మూత్ పెడితే ఆ పిల్ల ఉండదు. మట్టిలో కలిసిపోతుంది, ముఖం నవ్వుతుంది, తను రెండు కళ్లు పెడుతుంది, ఔను వదినా అంటుంది, కర్మ ఆగుతుంది, వదిన ఇంకో ఊరికి బస్సెక్కుతుంది. లేదంటే ముఖం వరకే కోసి, ఈ బండలు చూపించి, ఏమీ తెలియడం లేదు వదినా, కాదనుకో, అంటుంది, బతికున్న మనిషికి రేపు నిప్పు పెడతారు. లేదంటే ఉన్నది ఉన్నట్టు మొత్తం చూపిస్తుంది, అప్పుడు ఏమవుతుందో ఆ వాక్యం చివరిదాకా ఆమె పోలేకపోయింది. అద్దం బయట చెప్పుల చప్పుడయింది. బస్సు ఇవాళ ముందే వచ్చినట్టుంది. శివలీల వేలు మీట మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

వదిన నాగలక్ష్మమ్మ మోచేత్తో తలుపు తోసుకుని వచ్చి కుర్చీలో సగం మీద కూర్చుంది. చేతికి ఆకుపచ్చ గాజులు, అరచేతిలో నలిగిన బస్సు టికెట్టు.

"మీయన్నేనా?"

"నేను చెప్పను వదినా. ఈసారి నేను చెయ్యి పెట్టలేదు. ఉండేది ఉన్నట్టుంది, నువ్వే చూడు."

వదిన స్క్రీను వైపు చూసింది. "ఏంది ఇది, సంచి గుడ్డ మాదిరుండాది?"

"దగ్గర నుంచి అంతే. వెనక్కి పోయి చూడాల."

లేచి, గోడ దాకా పోయింది, ఫ్రేములకు వీపు తగిలేదాకా. చాలక తలుపు తెరిచి గడప మీద నిలబడింది. చాలక వీధిలోకి దిగి, ఎదురుగా పేర్చిన ఖాళీ టమోటా బాక్సుల దాకా చెప్పుల్లేకుండా వెనక్కి నడిచి, ఎండలో, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది. మబ్బు వచ్చింది, పోయింది. ఆమె రెప్ప కొట్టడం ఇంత దూరం నుంచి తెలియలేదు. కాళ్లు కాలుతున్నాయేమో అని శివలీలకు ఒకసారి అనిపించింది, పిలవలేదు. వదిన తిరిగొచ్చినప్పుడు కూర్చోలేదు.

"చిన్నది చెయ్యి."

"చిన్నదా?"

"ఎప్పుడూ పెద్దది చేసి చేసి చూపిస్తివి. నాకు మనిషి మొత్తం కావాల. చిన్నది చెయ్యి లీలా."

చేసింది. రెట్లు పదహారు నుంచి ఆరుకు దిగాయి, మనిషి మొత్తం నిలబడ్డాడు, కుంగిన భుజంతో, చాచిన చేత్తో, చేతి చివర పసుపుతో. వదిన వేలు స్క్రీను మీద ఆ భుజం దగ్గర ఆగింది. అక్కడే రెండుసార్లు కిందికి రాసింది, అద్దం మీద గాజులు చిన్నగా తగిలాయి.

"లోడెత్తి వచ్చిన పూటల్లా ఈడ ఆముదం కాచి రాస్తాంటి. రాస్తే గానీ నిద్ర పట్టేది కాదు," అంది. ఆ వేలు చేతి వెంట జారి పసుపు మీదికి వచ్చింది. "ఇది ఏంది?"

"గౌను, వదినా."

"పాపనా?"

"ఆ."

ఫ్యాను తిరుగుతోంది. వదిన వేలు ఆ ఒక్క గోధుమరంగు గడి మీద చాలాసేపు ఉంది. దాని కింద అది కనపడకుండా పోయింది, అంత చిన్నది.

"రిబ్బన్లు గూడా కట్టినారే," అంది. వేలు తీసింది. తీసిన వేలును కొంగుతో తుడుచుకుంది. "కాదు లీలా. మీయన్న కాదు."

"వదినా..."

"మీయన్న పన్నెండేండ్ల కిందనే పాయ. అయ్యవారికి చెప్పేసినాము, దర్భ తెచ్చినారు, వంటోళ్లకు చెప్పినారు. రేపటికి ఫోటో కావాల, రేషన్ కార్డుది ఉండాది కదా నీ కాడ, అదే పెద్దది చెయ్యి." ఆగింది. గోడ మీది ఏడుగురినీ ఒక్కొక్కరిగా చూసింది, చివర శివలీలను చూసింది, అదే వరుసలో, అదే తీరుగా. "కండ్లు పెట్టొద్దు."

శివలీల ఫ్రేముల వైపు తిరిగింది.

"ఆ కండ్లు ఎవురివో నాకెప్పుడో తెలుసు. మొదటి ఏడే తెలుసు. మీయన్న నన్ను ఎప్పుడూ అంత దిగులుగా చూసింది లేదు. పోనీలే, తోడుకు ఎవురో ఒకరు చూస్తాండారు కదా అనుకుంటి." వదిన గాజులు ముంజేతి పైకి తోసుకుంది, మళ్లీ కిందికి దింపుకుంది. "రేపు ఇవి తీసేటప్పుడు మాత్రం నువ్వు చూడొద్దు."

ఉరుకుంద ఫోటో మూస్తుంటే, మార్పులు సేవ్ చేయాలా అని ప్రోగ్రాము అడిగింది. వద్దు అంది. జిరాక్సు నుంచి తీసిన పాత ముఖం తెరిచి, ఇరవై రెట్లు, నిండుగా, గళ్లు గళ్లుగా, ప్రింటరుకు పంపింది. కాగితం పైనుంచి వరుస వరుసగా దిగింది, ముందు జుట్టు నల్లటి బండలు, తర్వాత నుదురు, తర్వాత కళ్లు ఉండాల్సిన వరుస. ఇద్దరూ ఒకేసారి ముందుకు వంగారు. బూడిదరంగు గడి, నల్లగడి, బూడిదరంగు గడి, నల్లగడి. చూసేవాళ్లు ఎవరూ లేరు. కాగితం ముక్కు దాకా, గడ్డం దాకా దిగి తెగింది. వదిన దాన్ని చుట్ట చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, చంకలో పెట్టుకుని, చెప్పులేసుకుని, పోయొస్తా అనకుండా పోయింది.

శివలీల అద్దం తలుపు దగ్గర నిలబడింది. నడిమధ్యాహ్నం, వీధిలో ఇంకొక మనిషి లేదు. వదిన చంకలో చుట్టతో బస్టాండు వైపు నడిచేకొద్దీ చిన్నదవుతోంది, ముందు జడ పోయింది, తర్వాత చేతులు పోయాయి, గాజుల ఆకుపచ్చ ఒక్కసారి మెరిసి పోయింది, నలభై గళ్లు, పద్దెనిమిది, నాలుగు. మార్కెట్ మలుపు దగ్గర ఒక్క గడి మిగిలింది, చీర ఊదారంగుది. దాని చుట్టూ దుమ్ము, ఎండ, గోడల సున్నం అన్నీ దాన్ని తమలో కలుపుకోవాలని చూస్తున్నాయి. కలవనీయకుండా, రెప్ప వేయకుండా, ఆమె చూస్తూ నిలబడింది. ఆమె వెనక గోడ మీది ఏడుగురూ చూస్తూనే ఉన్నారు.